కలప తోటలకు పూత యూరియా: వాతావరణం వైపు నుంచి ఒక సమీక్ష

పల్ప్ కోసమో, పలకల కోసమో వాణిజ్యపరంగా పెంచే పైన్, జామాయిల్ వంటి తోటలకు ప్రత్యేకించి అమ్ముతున్న పాలిమర్ పూత యూరియాను ఈ సమీక్షకు తీసుకున్నాను. దీనిని తయారుచేసే కంపెనీలు చాలా ఉన్నాయి. పూత మందంలోను, నత్రజని విడుదలయ్యే వ్యవధిలోను వాటి మధ్య తేడాలున్నా, బస్తాల మీద కనిపించే మాటలు దాదాపు ఒక్కటే: చెట్టు త్వరగా పెరుగుతుంది, నత్రజని వృథా కాదు, వాతావరణానికి మేలు జరుగుతుంది. మొదటి రెండు మాటల్లో నిజమెంతో తోట యజమాని చెట్ల చుట్టుకొలతలు తీసి తానే తేల్చుకోగలడు. మూడో మాటను ఎవరూ కొలవరు, నమ్మడమో నమ్మకపోవడమో జరిగిపోతుంది. అందువల్ల దిగుబడినీ ఖర్చునూ పక్కన పెట్టి, ఆ మూడో మాటను ఆధారం చేసుకునే ఈ సరుకును చూస్తాను. నా తీర్పు ముందే చెబుతాను: సరుకు మంచిదే, మామూలు యూరియా కంటే నిస్సందేహంగా మెరుగైనదే, కానీ బస్తా మీది వాతావరణం మాట సగమే నిజం, మిగిలిన సగం ఆ తోట నేల మీదా, కోసిన కలప చేరే చోటు మీదా ఆధారపడి ఉంటుంది.

ముందుగా సరుకు సంగతి. మామూలు యూరియాలో నత్రజని 46 శాతం ఉంటుంది; పూత యూరియాలో 44 శాతం దగ్గర ఉంటుంది, ఎందుకంటే బరువులో కొంత భాగాన్ని పూత తీసుకుంటుంది. గుళికను బ్లేడుతో రెండుగా కోస్తే లోపల తెల్లని యూరియా, దాని చుట్టూ గోటితో గీకితే పొరగా లేచే పలుచని పాలిమర్ కనిపిస్తాయి. నేలలోని తేమ ఆ పొర గుండా లోపలికి చేరి యూరియాను కరిగిస్తుంది, ఆ ద్రావణం మెల్లగా బయటికి వస్తుంది. నేల వెచ్చగా ఉంటే విడుదల వేగం పెరుగుతుంది, చల్లబడితే తగ్గుతుంది. చెట్టు వేరు చురుకుగా ఉండే కాలమూ అదే కాబట్టి ఈ ఏర్పాటులో తెలివి ఉంది. హెలికాప్టర్ నుంచి చల్లే అటవీ రకం యూరియా గుళికలను కొమ్మల్లో చిక్కుకోకుండా నేరుగా నేలకు రాలేందుకు కాస్త పెద్దవిగా చేస్తారు. పూత వేసిన రకాన్ని ఎంచుకునేటప్పుడు కూడా ఆ పరిమాణాన్ని అడిగి తీసుకోవడం మంచిది. చిన్న గుళికలు ఆకుల మీదే నిలిచిపోతే పూత ఎంత గొప్పదైనా ప్రయోజనం ఉండదు.

పూత ఎందుకు అవసరమైందో అర్థం కావాలంటే మామూలు యూరియా తోటలో ఎలా ప్రవర్తిస్తుందో చూడాలి. పొలంలో రైతు యూరియాను మట్టిలో కలుపుతాడు లేదా వెంటనే నీరు పెడతాడు. కలప తోటలో ఆ రెండూ సాధ్యం కావు. గుళిక రాలిన ఆకులు, సూదులతో నిండిన పొర మీద పడి అక్కడే ఉంటుంది. ఆ పొరలో యూరియాను విడగొట్టే యూరియేజ్ అనే ఎంజైము పుష్కలంగా ఉంటుంది. మంచుకో, చిరుజల్లుకో గుళిక కరగగానే యూరియేజ్ దానిని అమ్మోనియాగా, కార్బన్ డయాక్సైడ్‌గా మారుస్తుంది. గుళిక చుట్టూ అంగుళం మేర క్షారగుణం ఒక్కసారిగా పెరిగి అమ్మోనియా గాలిలోకి లేచిపోతుంది. వెచ్చని, ఉక్కగా ఉన్న ఉదయం ఎరువు చల్లిన తోటలోకి వెళ్లి సూదుల పొరను చేత్తో కదిలిస్తే ముక్కు మండే వాసన వస్తుంది. గట్టి వాన పడి గుళికను కిందికి దింపితే ఈ నష్టం చాలావరకు ఆగుతుంది, కానీ వానను బస్తాతో పాటు కొనుక్కోలేము.

ఇక్కడ పూత యూరియా తన పని బాగా చేస్తుంది. ఒకేసారి కాకుండా నెలల తరబడి కొద్దికొద్దిగా విడుదలవుతుంది కాబట్టి ఏ ఒక్క రోజూ గుళిక చుట్టూ అంత క్షారగుణం పేరుకోదు. గుర్తుపట్టగలిగే ఐసోటోపు నత్రజనిని కలిపిన ఎరువులతో లోబ్లాలీ అనే అమెరికా పైన్ తోటల్లో చేసిన పరీక్షల్లో, మామూలు యూరియా వేసిన చోట కంటే పూత వేసినవీ, యూరియా మార్పులను నెమ్మదింపజేసే రసాయనాలు (నిరోధకాలు) కలిపినవీ వేసిన చోట చెట్టూ నేలా కలిసి నిలుపుకున్న నత్రజని స్పష్టంగా ఎక్కువని తేలింది. ఈ ఒక్క విషయంలో బస్తా మీది మాటకు నేను పూర్తి మార్కులు వేస్తాను. అయితే నిలిచిన నత్రజనిలో ఎక్కువ భాగం చెట్టులో కాదు, ఆకుల పొరలోనూ నేలలోనూ ఉంటుందని కూడా గుర్తుంచుకోవాలి. వేసిన దానిలో చెట్టు నేరుగా తీసుకునేది ఎప్పుడూ చిన్న వాటాయే.

అమ్మోనియా స్వయంగా హరితగృహ వాయువు కాదు. వాతావరణం లెక్కలో అసలు నేరస్తురాలు నైట్రస్ ఆక్సైడ్. నేలలోని సూక్ష్మజీవులు అమ్మోనియంను నైట్రేటుగా మార్చేటప్పుడు కొంత, నీటితో నిండి గాలి ఆడని నేలలో నైట్రేటును తిరిగి వాయువుగా మార్చేటప్పుడు మరికొంత ఇది వెలువడుతుంది. ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పు శాస్త్ర సంఘమైన ఐపీసీసీ ఆరో నివేదిక ప్రకారం వంద ఏళ్ల లెక్కలో ఒక కిలో నైట్రస్ ఆక్సైడ్ 273 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానం, గాలిలో దాని సగటు ఆయువు సుమారు 109 ఏళ్లు. పైన్, జామాయిల్ తోటల నేలలు తరచు ఆమ్లగుణంతో ఉంటాయి. ఆమ్ల నేలలో నైట్రస్ ఆక్సైడ్‌ను హాని లేని నత్రజని వాయువుగా మార్చే చివరి మెట్టు మందగిస్తుంది కాబట్టి, వెలువడే వాయువుల్లో నైట్రస్ ఆక్సైడ్ వాటా పెరుగుతుంది.

ఈ వాయువును పూత ఎంత తగ్గిస్తుంది? పంట పొలాల ప్రయోగాలను కలిపి 2010లో ప్రచురించిన ఒక విశ్లేషణలో, పాలిమర్ పూత ఎరువులు నైట్రస్ ఆక్సైడ్‌ను సగటున 35 శాతం, నైట్రేటు ఏర్పడటాన్ని నెమ్మదింపజేసే నిరోధకాలు 38 శాతం తగ్గించాయని తేలింది. యూరియేజ్ నిరోధకాల వల్ల మాత్రం చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. ఎన్‌బీపీటీ అనే యూరియేజ్ నిరోధకం పూసిన యూరియాను కూడా వాతావరణ మిత్రుడిగా అమ్మేవారు ఈ తేడాను గమనించాలి. అది అమ్మోనియాను పట్టి ఉంచుతుంది, నైట్రస్ ఆక్సైడ్‌ను కాదు. ఈ శాతాలన్నీ దున్నిన పొలాలవని, చెట్ల కింద నేల ప్రవర్తన వేరుగా ఉంటుందని కూడా చెప్పాలి. తోటల్లో చేసిన కొలతలు తక్కువ. బస్తా మీద అచ్చు వేసే శాతాలకు అడవి నేలలో ఆధారం ఎక్కడిదని అమ్మకందారును అడగడం కొనేవారి హక్కు.

ఇక ఒక హెక్టారు లెక్క చూద్దాం. ఆగ్నేయ అమెరికాలో లోబ్లాలీ పైన్ తోటలకు నడి వయసులో హెక్టారుకు సుమారు 225 కిలోల నత్రజని, దానితో పాటు 28 కిలోల దాకా భాస్వరం వేయడం వాడుక. ఆ నత్రజని మామూలు యూరియా రూపంలో అయితే 490 కిలోల దాకా అవుతుంది. అందులో అమ్మోనియాను తయారుచేయడానికి సహజవాయువు మండి వెలువడే కార్బన్ డయాక్సైడ్ దాదాపు 600 కిలోలు. ఇందులో 360 కిలోలను ఫ్యాక్టరీ యూరియాలోనే బంధిస్తుంది, దానిని తమ పొదుపుగా చెప్పుకునే కంపెనీలూ ఉన్నాయి. కానీ యూరియా తోటలో విడిపోగానే అదంతా తిరిగి గాలిలోకే పోతుంది. కనుక నేను దానిని ఎక్కడా తీసివేయలేదు. ఐపీసీసీ మూల గుణకం ప్రకారం వేసిన నత్రజనిలో ఒక శాతం నైట్రస్ ఆక్సైడ్‌గా పోతుందనుకుంటే, మరో 965 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన ఉద్గారం చేరుతుంది. 2019లో సవరించిన గుణకాలు తేమ ప్రాంతాల్లో కృత్రిమ ఎరువులకు 1.6 శాతం, పొడి ప్రాంతాలకు 0.5 శాతం అంటున్నాయి. అంటే ఇదే బస్తా ఒక చోట 480 కిలోలకు, మరో చోట 1,550 కిలోలకు బాధ్యత వహిస్తుంది. ఎగిరిపోయిన అమ్మోనియా మరెక్కడో రాలి, కొట్టుకుపోయిన నైట్రేటు వాగుల్లో చేరి పుట్టించే పరోక్ష నైట్రస్ ఆక్సైడ్‌కు ఇంకో 400 కిలోలు వేసుకోవాలి. హెలికాప్టర్ ఇంధనం వీటి ముందు చిన్నది. గ్యాసు బావుల దగ్గర కారే మీథేన్‌ను పక్కన పెట్టినా మొత్తం హెక్టారుకు 2 టన్నుల దగ్గర తేలుతుంది.

పూత వేస్తే ఈ రెండు టన్నుల్లో ఎంత తగ్గుతుంది? నైట్రస్ ఆక్సైడ్‌లో 35 శాతం అంటే 340 కిలోలు, ఎగిరిపోయే అమ్మోనియా ద్వారా వచ్చేది ఇంచుమించు మొత్తం పోయిందనుకుంటే 145 కిలోలు. కలిపి అర టన్ను. పాలిమర్ తయారీకి అయ్యేదాన్ని ఇందులోంచి తీసివేయాలి. ఫ్యాక్టరీ ఉద్గారం ఒక్క కిలో కూడా తగ్గదు, ఎందుకంటే లోపలున్నది అదే యూరియా. అది తగ్గాలంటే వేసే మోతాదే తగ్గాలి. నత్రజని నిలుపుదల పెరిగిందని చెబుతున్నప్పుడు మోతాదు తగ్గించమని చెప్పడం న్యాయం కదా? నేను పరిశీలించిన ఒక బస్తా మీది మోతాదు పట్టికలో మాత్రం హెక్టారుకు నత్రజని కిలోలు మామూలు యూరియాకు చెప్పే అంకెలే. వృథా కాదని ముందు వైపు రాసి, వృథాను కలుపుకొని లెక్కేసిన మోతాదును వెనుక వైపు వేశారు. ఈ సరుకు మీద నాకున్న ప్రధాన ఫిర్యాదు ఇదే. మోతాదును అయిదో వంతు తగ్గిస్తే మరో 300 కిలోల పైన మిగులుతుంది, అదీ ఏ శాస్త్రీయ వివాదానికీ తావు లేని మిగులు.

లెక్కకు రెండో వైపున పెరుగుదల ఉంది, అక్కడే అమ్మకందారులు గట్టిగా మాట్లాడతారు. అదే ఆగ్నేయ అమెరికా తోటల్లో నత్రజని, భాస్వరం కలిపి వేసినప్పుడు సగటున ఏటా హెక్టారుకు సుమారు 3.5 ఘనపు మీటర్ల చొప్పున ఎనిమిదేళ్ల పాటు అదనపు కలప వచ్చింది. మొత్తం 28 ఘనపు మీటర్లు. ఎండు బరువు 13 టన్నులు. అందులో సగం కార్బన్ కాబట్టి దాదాపు 24 టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను కాండాలు అదనంగా పట్టి ఉంచినట్లు. రెండు టన్నులు పెట్టి ఇరవై నాలుగు టన్నులు తెచ్చుకుంటున్నామని కరపత్రాలు అంటాయి. అంకెలు అబద్ధం కాదు. అయితే కాండంలోని కార్బన్ చేబదులు లాంటిది, కోత నాటి నుంచి అది తిరిగి వెళ్లడం మొదలవుతుంది; నైట్రస్ ఆక్సైడ్ మాత్రం ఒకసారి వెళ్లాక మన చేతికి రాదు.

కలప ఉత్పత్తుల్లో కార్బన్ ఎంతకాలం ఉంటుందో లెక్కించడానికి ఐపీసీసీ వాడే అర్ధాయువులు (ఉన్నదానిలో సగం పోవడానికి పట్టే కాలం) కాగితానికి 2 ఏళ్లు, ప్లైవుడ్ వంటి చెక్క ఫలకాలకు 25 ఏళ్లు, కోత పలకలకు 35 ఏళ్లు. అదనపు కలప అంతా పల్ప్ మిల్లుకు పోయి కాగితమైతే, పదేళ్లకు ఆ 24 టన్నుల్లో మిగిలేది ఒక టన్ను లోపే. అప్పటికి ఎరువు తాలూకు నైట్రస్ ఆక్సైడ్ ఇంచుమించు పూర్తిగా గాలిలోనే ఉంటుంది. పలకలుగా కోసి ఇళ్లకు వాడితే 35 ఏళ్ల తరువాత కూడా పలకల్లోకి వెళ్లిన భాగంలో సగం మిగిలే ఉంటుంది, పైగా సిమెంటు, ఉక్కు వాడకం కొంత తగ్గవచ్చు. కాకపోతే దుంగలో పలకగా మారేది సగం అటూ ఇటూ మాత్రమే. అంటే ఒకే తోటలో ఒకే ఎరువు, కొనుగోలుదారుడు ఎవరన్న దాన్ని బట్టి వాతావరణానికి మేలు చేసేదీ కీడు చేసేదీ అవుతుంది. ఈ సంగతి ఏ బస్తా మీదా ఉండదు.

దీనికి ఒక మంచి ఎదురు వాదన ఉంది. ప్రతి విడతలోనూ (నాటిన నాటి నుంచి కోత దాకా ఒక విడత) ఎరువు వేస్తే తోటలో నిలిచి ఉండే సగటు కలప ఎప్పుడూ ఎక్కువగానే ఉంటుంది, కోసిన చోట మళ్లీ పెరుగుతుంది కదా అని అంటారు. నిజమే. కానీ సగటు నిల్వ పెరగడం ఒక్కసారి వచ్చే లాభం. రెండో విడత ఎరువు ఆ స్థాయిని నిలబెడుతుందే గాని దాని మీద మరో 24 టన్నులు చేర్చదు. ఉద్గారాలు మాత్రం విడత విడతకూ రెండు టన్నుల చొప్పున పేరుకుంటాయి. ఆరేడేళ్లకు కోసే జామాయిల్ తోటల్లో ఈ పేరుకోవడం మరీ వేగం. తక్కువ నేలలో ఎక్కువ కలప పండితే సహజ అడవుల మీద ఒత్తిడి తగ్గుతుందన్న మాట కూడా వినిపిస్తుంది. ఆ అడవిని నిజంగా వదిలేసిన చోట అది ఒప్పుకోదగ్గదే, వదిలేశారని ఎవరూ చూపించని చోట దాన్ని జమ వైపు రాయడం కుదరదు.

ఈ సరుకు అసలు కొనకూడని నేలలు కొన్ని ఉన్నాయి. గతంలో ఏళ్ల తరబడి పంటలు పండించి, ఎరువులు మింగిన భూముల్లో వేసిన తోటలకు నత్రజని కొరత సాధారణంగా ఉండదు. నేల పైపొరలో కార్బన్, నత్రజని నిష్పత్తి 25 కంటే తక్కువగా ఉంటే చెట్టుకు, సూక్ష్మజీవులకు సరిపోగా మిగిలిన నత్రజని నైట్రేటుగా జారిపోవడం, నైట్రస్ ఆక్సైడ్‌గా లేవడం ఎక్కువవుతుంది. పూత ఆ నష్టాన్ని ఆలస్యం చేస్తుంది, ఆపదు. సరుగుడు, సుబాబుల్, తుమ్మ జాతుల వేళ్లలో గాలి నుంచి నత్రజనిని తెచ్చిపెట్టే జీవులే కాపురం ఉంటాయి కాబట్టి వాటికి ఏ రకం యూరియా అయినా అనవసరపు ఖర్చే. నీటిని తోడేసి తోటలు వేసిన ఉష్ణమండల పీట్ నేలల (సగం కుళ్లిన మొక్కల అవశేషాలు పేరుకున్న చిత్తడి నేలల) సంగతి వేరే: అక్కడ ఎండిపోతున్న పీట్ నుంచే ఏటా హెక్టారుకు పదుల టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంటే, ఎరువుకు పూత ఉందా లేదా అన్న చర్చకు అర్థం లేదు.

భాస్వరం లోటున్న నేలల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నత్రజని మీదున్న మోజు వల్ల ఇది మరుగున పడుతోంది. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో రేడియేటా పైన్ తోటలు కొన్ని నేలల్లో గిడసబారిపోతే సూపర్ ఫాస్ఫేట్ వేసి వాటిని నిలబెట్టారు. భాస్వరం నేలను పట్టుకొని ఉంటుంది, ఒకసారి వేస్తే దాని ప్రభావం చాలా ఏళ్లు, తరచు విడత మొత్తం కనిపిస్తుంది. దాని నుంచి నేరుగా నైట్రస్ ఆక్సైడ్ పుట్టదు, అమ్మోనియా ఫ్యాక్టరీతో దానికి పని లేదు. ఫిన్‌లాండ్‌లో నీరు తీసిన పీట్ అడవులకు కలప బూడిద వేసే పద్ధతి ఉంది. బూడిదలో నత్రజని ఉండదు, భాస్వరం, పొటాషియం ఉంటాయి, ఆ నేలకు కొరత కూడా వాటిదే. ఆకుల విశ్లేషణ చేయించి, లోటు భాస్వరానిదని తేలిన చోట పూత యూరియా బస్తాను పక్కన పెట్టడమే వాతావరణం పరంగా అన్నిటికన్నా మంచి నిర్ణయం.

అమ్మోనియం నైట్రేటుతో పోలిక ఎలాగూ వస్తుంది. స్వీడన్‌లో కోతకు పదేళ్ల ముందు హెక్టారుకు 150 కిలోల నత్రజనిని ఈ రూపంలో వేసి సుమారు 15 ఘనపు మీటర్ల అదనపు కలప తీసుకుంటారు. యూరియాలా ఇది అమ్మోనియాగా ఎగిరిపోదు, కాబట్టి అక్కడ పూత అవసరం తక్కువ. చల్లని, నత్రజనికి మొహం వాచిన ఆ నేలల్లో నైట్రస్ ఆక్సైడ్ కూడా తక్కువే. దాని లోపం ఫ్యాక్టరీలో ఉంది: నైట్రిక్ ఆమ్లం తయారీలోనే నైట్రస్ ఆక్సైడ్ వెలువడుతుంది, ఉత్ప్రేరకాలు అమర్చిన ఫ్యాక్టరీల్లో అందులో అత్యధిక భాగం నాశనమవుతుంది, అమర్చని చోట అంతా గాలిపాలే. ఏ ఫ్యాక్టరీ సరుకో తెలియకుండా ఈ రెండింటిలో ఏది మేలో చెప్పడం అసాధ్యం. మరో చిన్న విషయం, అమ్మోనియం ఏ రూపంలో చేరినా అడవి నేల గాలిలోంచి మీథేన్‌ను పీల్చుకునే శక్తి తగ్గుతుంది; 1989లోనే అమెరికాలోని సమశీతోష్ణ అడవుల్లో దీనిని కొలిచి చూపారు. పరిమాణం పెద్దది కాకపోయినా పూత దీనికి మందు కాదు.

పూత మిగిల్చే చెత్త గురించి. విడుదల పూర్తయిన తరువాత ఆకుల పొరను జల్లెడ పడితే ఖాళీ పెంకులు దొరుకుతాయి. వేళ్ల మధ్య నొక్కితే చప్పగా అణిగిపోయే ఆ పెంకులు పాతరకం పాలిమర్లవైతే ఏళ్ల తరబడి అక్కడే ఉండి చిన్న ముక్కలవుతాయి. యూరోపియన్ యూనియన్ 2019 నాటి ఎరువుల నియమావళిలో ఇలాంటి పూతలు నేలలో జీర్ణమయ్యేవిగా ఉండాలన్న షరతును తెచ్చింది. కొనేటప్పుడు పూత దేనితో చేశారో, ఎన్నాళ్లకు జీర్ణమవుతుందో రాతపూర్వకంగా అడగాలి. జవాబు రాని సరుకును నేను సిఫారసు చేయను.

అయిదింటికి ఎన్ని మార్కులంటే, నత్రజని కొరత పరీక్షలో తేలిన, నీరు నిలవని, పలకల కోసం పెంచే పైన్ తోటలకు మోతాదు తగ్గించి వాడే షరతు మీద నాలుగు వేస్తాను. ఆరేడేళ్లకు కోసి పల్ప్ మిల్లుకు పంపే తోటలకు రెండు. మామూలు యూరియా ఇప్పటికే గోదాములో ఉన్నవారు దాన్ని పారేసి దీనికి పరుగెత్తనక్కర్లేదు. చల్లని కాలంలో, గట్టి వాన ఖాయంగా ఉన్న రోజుల ముందు వేస్తే అమ్మోనియా నష్టంలో చాలా భాగం పూత లేకుండానే ఆగుతుంది. సహజవాయువుకు బదులు నీటిని విద్యుత్తుతో విడగొట్టి తీసిన హైడ్రోజన్‌తో చేసిన అమ్మోనియా విరివిగా అందుబాటులోకి వచ్చినప్పుడు ఫ్యాక్టరీ వైపు 600 కిలోలు బాగా తగ్గుతాయి, కానీ నేలలోంచి లేచే 965 కిలోలు అలాగే ఉంటాయి. కాబట్టి రాబోయే ‘హరిత’ బస్తాల మీద కూడా ముందు మోతాదు పట్టికనే చదవమని కొనేవారికి చెబుతాను.